24 అంకెల రేక్

బిలాస్‌పూర్ యార్డులో బొగ్గు రేక్ వచ్చి ఆగితే మా నాన్న చేతిలో మూడే ఉండేవి: టార్చి, పెన్ను, కాగితాలు పెట్టుకునే అట్ట. ఆయన టీఎన్‌సీ, అంటే ట్రెయిన్స్ క్లర్క్. బండి పొడవునా కంకర మీద నడుస్తూ ఒక్కో వ్యాగన్ మీదున్న నంబరు చూసి రాసుకోవడం ఆయన కొలువు. కోర్బా గనుల వైపు నుంచి వచ్చే రేక్‌కి యాభై ఎనిమిదో, యాభై తొమ్మిదో వ్యాగన్లు. ప్రతి వ్యాగన్ ఒంటి మీదా తెల్లరంగుతో 11 అంకెలు. బొగ్గు మసి పట్టి కొన్ని అంకెలు సగమే కనబడేవి. నాన్న తడిగుడ్డతో తుడిచి, టార్చి వేసి, పైకి చదువుకుంటూ రాసేవారు. సెలవుల్లో ఇంటి దగ్గర ఆ కాగితాలు నాకిచ్చి, "చివరి అంకె సరిపోయిందో లేదో చూడు తల్లీ" అనేవారు. పెద్ద సంఖ్య ఒకటి కనబడితే దాన్ని ఏమని ప్రశ్నించాలో నేను మొదట నేర్చుకున్నది ఆ కాగితాల మీదే.

ఇప్పటికీ నన్ను వదలని ప్రశ్న మాత్రం 11 అంకెలది కాదు, 24 అంకెలది. దాన్ని లోకం ముందు పెట్టిన మనిషి తెలుగువాడు. ఆ ప్రశ్న ఎక్కడ పుట్టింది, ఎంతవరకు తేలింది, ఎక్కడ ఆగిపోయింది అన్నది ఒకచోట రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ముందు వ్యాగన్ నంబరు సంగతి చూద్దాం. సంఖ్యకు పైపై గుణం ఏదో, లోపలి గుణం ఏదో అక్కడే తెలుస్తుంది.

ఉదాహరణకు ఒక నంబరు అల్లుకుందాం: 22 14 08 3517 5. మొదటి రెండంకెలు వ్యాగన్ రకం. 10 నుంచి 29 దాకా పైకప్పు లేని వ్యాగన్లు, 30లలో మూసిన వ్యాగన్లు, 40లలో ట్యాంకులు. తర్వాతి రెండు ఏ రైల్వేదో చెబుతాయి. 14 అంటే బిలాస్‌పూర్ కేంద్రంగా ఉన్న సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే, 09 అంటే సికింద్రాబాద్‌లోని సౌత్ సెంట్రల్. ఆ పైన తయారైన సంవత్సరం, నాలుగంకెల వరుస సంఖ్య. పదకొండోది కాపలా అంకె. దానికంటూ సొంత అర్థం లేదు, ముందున్న పదింటికీ సాక్ష్యం పలకడమే దాని పని.

అది వచ్చే తీరు ఇది. ఎడమ నుంచి 2, 4, 6, 8, 10 స్థానాల్లోని అంకెలు కూడితే 2 + 4 + 8 + 5 + 7 = 26. దానికి మూడు రెట్లు 78. మిగిలిన స్థానాల్లోవి కూడితే 2 + 1 + 0 + 3 + 1 = 7. రెండూ కలిపి 85. దాన్ని పై పదికి, అంటే 90కి తీసుకెళ్ళడానికి ఎంత కావాలి? 5. అదే కాపలా అంకె. ఏ ఒక్క అంకె తప్పు రాసినా ఈ లెక్క తప్పి తీరుతుంది. ఎందుకంటే 3కీ 10కీ 1 తప్ప ఉమ్మడి భాజకం లేదు. 3కు బదులు 2తోనో 5తోనో గుణించి ఉంటే కొన్ని తప్పులు కళ్ళెదుటే జారిపోయేవి.

పక్కపక్క అంకెలు తారుమారైతే? అదీ చాలావరకు దొరుకుతుంది. కానీ ఒక కంత ఉంది. మన నంబరులో 8, 3 పక్కపక్కనే ఉన్నాయి. నిద్రమత్తులో 08 3517ను 03 8517 అని రాసుకున్నామనుకోండి. ఇప్పుడు సరి స్థానాల మొత్తం 21, దాని మూడు రెట్లు 63. మిగిలినవి 12. కలిపితే 75. కాపలా అంకె మళ్ళీ 5! 2008లో తయారైన వ్యాగన్ 2003దైపోయింది, కాపలాదారు కిమ్మనలేదు. రెండు పక్క అంకెలకూ తేడా సరిగ్గా 5 అయినప్పుడల్లా ఇలాగే జరుగుతుంది. ఇది కనిపెట్టిన రోజు నేను పదకొండో తరగతిలో ఉన్నాను. నాన్నకు చూపిస్తే ఆయన చాలాసేపు ఆ కాగితం వంక చూసి, "అయితే 8 పక్కన 3 ఉన్నచోట రెండుసార్లు చదవాలన్నమాట" అన్నారు. ఆ తర్వాత అలాగే చదివారు కూడా.

కిరాణా సరుకుల మీద బార్‌కోడ్ కింద ఉండే 13 అంకెలదీ ఇదే పద్ధతి, ఇదే కంత. పుస్తకాల మీద పూర్వం వేసిన పదంకెల నంబరు 11 మీద నడిచింది. 11 ప్రధాన సంఖ్య కనుక తారుమార్లన్నీ దొరికిపోయేవి. మన ఆధార్ నంబరులోని చివరి అంకె డచ్చి గణితజ్ఞుడు వెర్‌హోఫ్ కనిపెట్టిన పద్ధతిలో వస్తుంది. పది అంకెలతోనే ఉంటూ ఈ కంతను పూడ్చిన పద్ధతి అది.

ఇవన్నీ పనికొచ్చే గుణాలే. అయినా ఇవి సంఖ్య కట్టుకున్న బట్టకు చెందినవి. పది అంకెల పద్ధతి మానేసి పన్నెండు అంకెల పద్ధతిలో రాస్తే కాపలా అంకె మాయమవుతుంది. ముందు నుంచి, వెనక నుంచి ఒకేలా చదవగల సంఖ్యల అందమూ అలాంటిదే. తొమ్మిదో శతాబ్దిలో మహావీరాచార్యుడు 142857143ను 7తో గుణిస్తే 1000000001 వస్తుందని చూపి, దాన్ని రాజులు మెడలో వేసుకునే హారంతో పోల్చాడు. ఆయన సంస్కృత గ్రంథాన్నే పావులూరి మల్లన సారసంగ్రహ గణితంగా తెలుగులోకి తెచ్చాడు. హారం అందమైనదే, అయితే తీసి పక్కన పెట్టగలిగేది. ఏ అంకెల్లో రాసినా మారనిది ఒకటుంది: ఆ సంఖ్యను ఏవేవి భాగిస్తాయి, ఆ భాజకాలు తమలో తాము ఎలా పొసగుతాయి అన్నది.

ఇక్కడి నుంచి కథ గ్రీసుకు వెళ్తుంది. తనను మినహాయిస్తే 6ను భాగించేవి 1, 2, 3. కూడితే మళ్ళీ 6. 28కి 1, 2, 4, 7, 14. కూడితే 28. ఇలాంటివాటిని పరిపూర్ణ సంఖ్యలు అన్నారు. కొన్ని ప్రత్యేకమైన ప్రధాన సంఖ్యల నుంచి వీటిని తయారుచేసే మార్గం ఒకటి యూక్లిడ్ చెప్పాడు. సరిసంఖ్యల్లో అంతకుమించి మార్గం లేదని రెండు వేల ఏళ్ళ తర్వాత ఆయిలర్ నిరూపించాడు. 2024 అక్టోబరులో అమెరికా యువకుడు ల్యూక్ డ్యురాంట్ 4 కోట్ల 10 లక్షలకు పైగా అంకెలున్న ప్రధాన సంఖ్యను కనుక్కోవడంతో తెలిసిన పరిపూర్ణ సంఖ్యలు 52 అయ్యాయి. బేసి పరిపూర్ణ సంఖ్య ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు. ఉంటే గింటే దానికి 1500 కంటే ఎక్కువ అంకెలుండాలని 2012లో తేల్చారు. ఈ కథ పుస్తకాల్లో విస్తారంగా ఉంది కనుక ఇక్కడ ఆగను.

మన కథ మొదలయ్యేది 1931లో. ఆ ఏడాదే రాయపూర్ నుంచి విజయనగరం వైపు రైలు మార్గం పూర్తయింది. మా తాతల తరంలో ఎందరినో ఛత్తీస్‌గఢ్ రైల్వే కొలువులకు చేరువ చేసిన దారి అది. అదే ఏడాది మద్రాసుకు చెందిన ఆర్. వైద్యనాథస్వామి గుణకార ప్రమేయాల మీద ఒక పెద్ద వ్యాసం అచ్చువేశారు. అందులో ఆయన ఒక కొత్త రకం భాజకాన్ని పరిచయం చేసి దానికి బ్లాక్ ఫ్యాక్టర్ అని పేరు పెట్టారు. తర్వాత 1960లో ఎక్‌ఫర్డ్ కోహెన్ దాన్నే యూనిటరీ భాజకం అన్నాడు. ఆ పేరే నిలిచింది. నాకు మాత్రం మొదటి పేరే ఇష్టం. యార్డులో పెరిగినవాళ్ళకు అది చెప్పకుండానే అర్థమవుతుంది.

ఒక సంఖ్యను రేక్ అనుకోండి. 60 అంటే 4 × 3 × 5. ఇందులో 4 అన్నది రెండు 2లు కలిసిన జత. మామూలు భాజకాల లెక్కలో ఆ జతను విడగొట్టవచ్చు, ఒక 2 తీసుకుని ఇంకొకటి వదిలేయవచ్చు. అందుకే 2, 6, 10, 30 కూడా 60ని భాగిస్తాయి. వైద్యనాథస్వామి లెక్కలో కప్లింగ్ తెంచడానికి వీల్లేదు. ఒకే ప్రధాన సంఖ్యకు చెందినవన్నీ ఒక జట్టు. తీసుకుంటే జట్టంతా తీసుకోవాలి, లేదా అంతా వదిలేయాలి. అలా చూస్తే 60కి భాజకాలు 1, 3, 4, 5, 12, 15, 20, ఆపైన 60. చివరిదాన్ని పక్కనపెట్టి మిగిలినవి కూడితే సరిగ్గా 60. మామూలు లెక్కలో ఈ మొత్తం 108 వచ్చేది, 60 పరిపూర్ణం కాకపోయేది. ఇటు 28 = 4 × 7కి కొత్త లెక్కలో 1, 4, 7 మాత్రమే, కూడితే 12. పాత లెక్కలో పరిపూర్ణమైనది ఇక్కడ నిలవలేదు.

ఇలాంటివాటికి యూనిటరీ పరిపూర్ణ సంఖ్యలని పేరుపెట్టి, వాటి ప్రశ్నను ముందుకు తెచ్చినవారు మతుకుమల్లి వెంకట సుబ్బారావు. 1921లో అప్పటి గుంటూరు జిల్లా యాజలిలో పుట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, అదే వైద్యనాథస్వామి దగ్గర డాక్టరేట్ చేశారు. మద్రాసులోను, తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలోను పాఠాలు చెప్పి, అమెరికా మీదుగా 1960ల మొదట్లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయానికి వెళ్ళి అక్కడే స్థిరపడ్డారు. 2006లో పోయారు. నియంత్రణ శాస్త్రంలో పేరున్న మతుకుమల్లి విద్యాసాగర్ ఆయన కుమారుడు. సుబ్బారావు ప్రసిద్ధ గణితజ్ఞుడు ఎర్డోష్‌తో కలిసి వ్యాసాలు రాశారు. ఒక సంఖ్యను ఎన్ని రకాలుగా ముక్కలు చేసి కూడవచ్చు అన్న లెక్క మీద సుబ్బారావు 1966లో చెప్పిన ఊహలో ఒక సగాన్ని 1996లో కెన్ ఓనో నిరూపించారు, మిగతా సగం 2012లో రాడూ చేతిలో తేలింది. ఆ ఊహ అలా ఒడ్డుకు చేరింది. యూనిటరీ పరిపూర్ణ సంఖ్యల ప్రశ్నకే ఇంకా ఒడ్డు కనబడలేదు.

బిలాస్‌పూర్ నుంచి తిరుపతి వెళ్ళే ఎక్స్‌ప్రెస్ రాయగడ, విశాఖ, విజయవాడ దాటి బాపట్ల మీదుగా పోతుంది. యాజలి అక్కడికి దగ్గరే. చిన్నప్పటి నుంచి ఆ బండిలో ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. సుబ్బారావు పుట్టిన ఊరి పక్క నుంచి పోయి, ఆయన పాఠాలు చెప్పిన ఊళ్ళో ఆగే బండి అని అప్పట్లో తెలియదు.

1966లో సుబ్బారావు, ఎల్. జె. వారెన్ కలిసి కెనడా గణిత పత్రికలో రాసిన వ్యాసంలో నాలుగు సంఖ్యలున్నాయి: 6, 60, 90, 87360. సరిచూడటానికి సులువైన దారి ఉంది. ప్రతి జట్టుకూ ఒకటి కలిపి, అన్నిటినీ గుణించాలి. వచ్చినది అసలు సంఖ్యకు రెట్టింపు కావాలి. 90 = 2 × 9 × 5 కనుక 3 × 10 × 6 = 180. సరిపోయింది. 87360 = 64 × 3 × 5 × 7 × 13 కనుక 65 × 4 × 6 × 8 × 14 = 1,74,720. ఇదీ సరిపోయింది.

తర్వాత ఏమీ లేవనుకుంటున్న సమయంలో చార్లెస్ వాల్ ఐదోదాన్ని పట్టుకున్నాడు. 1975లో అచ్చయిన ఆ వ్యాసానికి పేరే ఐదో యూనిటరీ పరిపూర్ణ సంఖ్య. అది ఇది:

1,46,36,19,46,18,64,58,56,25,60,000

కోటిని కోటితో గుణించి, దాన్ని మళ్ళీ కోటితో గుణించి, వచ్చినదానికి 146 రెట్లు వేసుకుంటే దీని దరిదాపులకు వస్తాం. దీనికి మామూలు భాజకాలు 97,280. జట్లు తెంచని భాజకాలు 4,096. అందులో తనను మినహాయించి 4,095 సంఖ్యలు కూడితే ఈ 24 అంకెల సంఖ్యే వస్తుంది, ఒకటి ఎక్కువా కాదు, తక్కువా కాదు. దీన్ని కంప్యూటర్ మీద నమ్మకంతో ఒప్పుకోనక్కరలేదు. ఎక్కాలొచ్చిన ఎవరైనా టీ తాగేలోపు సరిచూసుకోవచ్చు. ఈ వ్యాసం రాయడానికి సగం కారణం ఆ సరిచూత చూపించాలన్న కోరికే.

ఈ సంఖ్యలోని జట్లు పన్నెండు: 2¹⁸, 3, 5⁴, 7, 11, 13, 19, 37, 79, 109, 157, 313. ఒక్కోదానికీ ఒకటి కలపండి. 2¹⁸ + 1 = 2,62,145. ఇది 5 × 13 × 37 × 109. అంటే ఈ నాలుగు ప్రధాన సంఖ్యలూ అసలు సంఖ్యలో ఉండి తీరాలి, ఎందుకంటే రెండు పక్షాల లెక్కా సరిపోవాలి. ఇది బాకీ లాంటిది. 2¹⁸ను బండికి తగిలించిన క్షణాన ఈ నాలుగూ వెంట రావలసిందే. 109ని తెస్తే 110 = 2 × 5 × 11, కనుక 11 రావాలి. 11 వస్తే 12 = 4 × 3, కనుక 3 రావాలి. 3 వస్తే 4, అంటే రెండు 2లు, కొత్తవేమీ లేవు. 37 వస్తే 38 = 2 × 19. 19 వస్తే 20 = 4 × 5. 13 వస్తే 14 = 2 × 7. 7 వస్తే 8, అది మూడు 2లు. ఇక 5⁴. దానికి ఒకటి కలిపితే 626 = 2 × 313. 313 తెస్తే 314 = 2 × 157. 157 తెస్తే 158 = 2 × 79. 79 తెస్తే 80 = 16 × 5. అక్కడితో బాకీల గొలుసు తెగింది.

ఇప్పుడు జమ చూడండి. 5 ఎన్నిసార్లు వచ్చింది? 2,62,145లో ఒకటి, 110లో ఒకటి, 20లో ఒకటి, 80లో ఒకటి. నాలుగు. మనం పెట్టుకున్నదీ 5⁴. మిగతా బేసి ప్రధానాలు ఒక్కోటీ ఒక్కసారే వచ్చాయి, ఒక్కోటీ ఒక్కసారే ఉన్నాయి. 2లు లెక్కపెడితే, 3 నుంచి రెండు, 5⁴ నుంచి ఒకటి, 7 నుంచి మూడు, 11 నుంచి రెండు, 13 నుంచి ఒకటి, 19 నుంచి రెండు, 37 నుంచి ఒకటి, 79 నుంచి నాలుగు, 109, 157, 313 ఒక్కోటి. మొత్తం 19. ఉన్నవి 18, రెట్టింపుకు కావలసింది సరిగ్గా ఇంకొక్కటి. 313, 157, 79 అన్న మెట్లు మొదటిసారి దిగినప్పుడు నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఒక్కో సంఖ్యా తనలో సగమంత ఉన్నదాన్ని పిలుస్తూ, చివరికి 80 దగ్గర 5 చేతిలో పెట్టి తప్పుకుంటుంది. ఆ 5 లేకపోతే మొదలుపెట్టిన 5⁴కే నిలువనీడ లేదు.

ఇక ప్రశ్న. ఆరోది ఉందా?

తేలిన సంగతుల్లో మొదటిది, బేసి సంఖ్యల్లో ఇలాంటివి లేవన్నది. పాత పరిపూర్ణ సంఖ్యల విషయంలో ఇంతకాలంగా తెగని ఈ ముడి ఇక్కడ రెండు వాక్యాల్లో విడిపోతుంది. బేసి జట్టు దేనికి ఒకటి కలిపినా సరిసంఖ్యే వస్తుంది, కనుక ఎన్ని జట్లుంటే గుణకారంలో కనీసం అన్ని 2లు. కానీ బేసి సంఖ్యకు రెట్టింపులో ఒక్క 2 మాత్రమే ఉంటుంది, కనుక ఒకే జట్టు ఉండాలి, దానికి ఒకటి కలిపితే అదే రెట్టింపు కావాలి. అలా అయ్యేది 1 ఒక్కటే, అది జట్టు కాదు. జట్లు తెంచకూడదన్న ఒక్క నియమం ఎంత బలమిచ్చిందో ఈ నిరూపణలో కనబడుతుంది.

ఈ ఆలోచనే ప్రశ్నకంతటికీ వెన్నెముక. సంఖ్యలో 2లు ఎన్నో ముందే తీర్మానించుకుంటే మన ఖర్చుకు అంతకంటే ఒక్కటే ఎక్కువ. ప్రతి బేసి జట్టూ కనీసం ఒక 2 ఖర్చు పెట్టిస్తుంది, 7 లాంటిది మూడు, 31 లాంటిది ఐదు. కనుక జట్ల సంఖ్యకు హద్దు పడుతుంది. జట్లు ఇన్నే అని హద్దుంటే అలాంటి యూనిటరీ పరిపూర్ణ సంఖ్యలు పరిమితంగానే ఉంటాయని సుబ్బారావు, వారెన్ చూపారు. 2007లో గోటో ఇంకా గట్టి హద్దు కట్టాడు. జట్లు ఎన్నో తెలిస్తే, 1ని అన్నిసార్లు రెట్టింపు చేస్తూ వచ్చినదాన్ని 2కు ఘాతంగా వేసి ఎంతొస్తుందో అంతకంటే సంఖ్య చిన్నదే అన్నాడు. వినడానికి హద్దే. వెతకడానికి మాత్రం ఆకాశం. పన్నెండు జట్లకే ఆ హద్దు 2⁴⁰⁹⁶, అంటే 1,234 అంకెల సంఖ్య. మనకు దొరికినదానికి 24 అంకెలే.

1988లో వాల్ మళ్ళీ వచ్చి, ఆరోది ఉంటే దానికి కనీసం తొమ్మిది బేసి జట్లుండాలని చూపాడు. 1989లో గ్రాహమ్ ఇంకో తలుపు మూశాడు. బేసి ప్రధానాలు ఏవీ రెండోసారి రాని యూనిటరీ పరిపూర్ణ సంఖ్యలు 6, 60, 87360 మాత్రమే. 90లో 9 ఉంది, ఐదోదానిలో 5⁴ ఉంది. ఆరోదానిలోనూ అలాంటి బేసి జత ఏదో ఒకటి ఉండి తీరాలి. నా దృష్టిలో ఈ మొత్తం కథలో అన్నిటికంటే పదునైన ఫలితం ఇదే, ఎందుకంటే ఎక్కడ వెతకాలో అది చేయిపట్టి చూపిస్తుంది. సుబ్బారావు ఊహ ఇవి పరిమితమేనని. దాన్ని నిరూపించినవారూ లేరు, ఆరోదాన్ని తెచ్చి కాదన్నవారూ లేరు.

ఎందుకింత కష్టం? ఒక సంఖ్యను ఏ ప్రధానాలు భాగిస్తాయో తెలిసినంతమాత్రాన, దానికి ఒకటి కలిపినదాన్ని ఏవి భాగిస్తాయో ఏమీ తెలియదు. గుణకారానికీ కూడికకూ మధ్య ఉన్న ఈ అగాధమే సంఖ్యాశాస్త్రంలోని పెద్ద ప్రశ్నలన్నిటి కింద ఉంది. యూనిటరీ ప్రశ్న ఆ అగాధాన్ని ఒకసారి దాటమని అడగదు. ప్రతి జట్టు దగ్గరా దాటమంటుంది.

ఐదో సంఖ్యలో ఇంకో వింత కూడా ఉంది. 24 అంకెల సంఖ్య, కానీ దాన్ని భాగించే అతిపెద్ద ప్రధానం 313! ఆ మధ్య సరదాకి మన 11 అంకెల వ్యాగన్ నంబరును తీసుకుని కారణాంకాలుగా విడదీయబోయాను. చివర 75 ఉంది కనుక 25 వెంటనే బయటికొచ్చింది, మిగిలినది 88,56,33,407. చిన్న ప్రధానాలు వరుసగా 19 దాకా వేసి చూశాను, ఒక్కటీ పోలేదు. మామూలు సంఖ్యల స్వభావం అంతే, వాటి కడుపులో ఎక్కడో ఒక పెద్ద ప్రధానం కూర్చుని ఉంటుంది. చిన్న ప్రధానాలతోనే ముగిసిపోయే సంఖ్యలు ఎంత అరుదో లెక్కగట్టిన తొలి పరిశోధకుల్లో వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన వి. రామస్వామి ఒకరు. 1949లో అమెరికా గణిత సమాజం పత్రికలో ఆ వ్యాసం వచ్చింది. అప్పటికి అది ఎవరికీ అక్కరకొచ్చే ఫలితంలా కనబడలేదు. ఇవాళ బ్యాంకు లావాదేవీలను కాపాడే పెద్ద సంఖ్యలను బద్దలు కొట్టే ముఖ్యమైన పద్ధతులు ఇలాంటి సంఖ్యలు ఎంత తరచుగా దొరుకుతాయన్న దాని మీదే నడుస్తాయి. విశాఖ, బాపట్ల, తిరుపతి: ఆ ఒక్క బండి దారిలో ఇంత గణితం ఉంది. మన ఊళ్ళ బడుల్లో పిల్లలకు రామానుజన్ పేరు చెబుతున్నారు, సంతోషం. రామస్వామి పేరు, సుబ్బారావు పేరు కూడా చెప్పాలి.

పరిమాణం చూసి మోసపోకూడదు. 2022 ఆగస్టు 15న మా రైల్వే సూపర్ వాసుకి అని ఒక గూడ్సు బండి నడిపింది. ఐదు రేక్‌లు కలిపి 295 వ్యాగన్లు, మూడున్నర కిలోమీటర్ల పొడవు, 27 వేల టన్నుల బొగ్గు. కోర్బా నుంచి రాజ్‌నంద్‌గావ్ దాకా జనం గట్ల మీద నిలబడి చూశారు. నాలుగు కోట్ల అంకెల ప్రధాన సంఖ్య వార్త కూడా అలాంటిదే. ఇంకొన్నేళ్ళకు ఇంకా పొడవైనది వస్తుంది, దారి తెలిసిందే. ఆ పొడవు ముందు ఐదో యూనిటరీ సంఖ్య ఎంత? అయినా అది అచ్చయి అర్ధ శతాబ్దం దాటింది, కంప్యూటర్లు ఎన్ని లక్షల రెట్లు పెరిగాయో, దాని పక్కన నిలబడే ఆరోది రాలేదు.

నా మట్టుకు నాకు ఏమనిపిస్తుందంటే, ఐదోది దొరక్కపోయి ఉంటే సుబ్బారావు ఊహను మారుమాట లేకుండా నమ్మేదాన్ని. మొదటి నాలుగూ చిన్నవి, చిన్న సంఖ్యల్లో ఇలాంటి పొందికలు ఊరికే దొరుకుతాయి. ఐదోది ఊరికే దొరికేది కాదు. 87360 నుంచి దాని దాకా అంత పెద్ద బయలుంది, ఆ బయలు అవతల ఒకటి నిలబడి ఉంది. ఒకసారి అలా జరిగినచోట మళ్ళీ జరగదని ధైర్యంగా అనలేను. ఆరోది ఉందనే నా మనసు చెబుతుంది, మన చేతికి చిక్కుతుందని మాత్రం చెప్పదు.

ఎలా తప్పిపోతుందో ఒకసారి చేత్తో చూస్తే ఈ ప్రశ్న బాగా వంటబడుతుంది. 2⁷తో మొదలుపెడదాం. ఖర్చుకు ఎనిమిది 2లు. 2⁷ + 1 = 129 = 3 × 43. 43ను ఒక్కటిగానే తెస్తే 44 = 4 × 11, రెండు 2లు పోయాయి. 11 తెస్తే 12 = 4 × 3, ఇంకో రెండు. ఇప్పటికి 3 రెండుసార్లు వచ్చింది కనుక 9 పెడదాం. 10 = 2 × 5. 5 తెస్తే 6 = 2 × 3. మళ్ళీ 3! ఇప్పుడు 3లు మూడయ్యాయి, 9 చాలదు. 27 పెడితే 28 = 4 × 7, 7కి 8. 2ల ఖర్చు 2 + 2 + 2 + 3 = 9. సంచిలో ఉన్నవి ఎనిమిదే. పైగా 5 అవసరం పోయింది కనుక మూడో 3 కూడా పోయింది. 9 పెడితే 3లు ఎక్కువ, 27 పెడితే తక్కువ.

మొన్న బుధవారీ బజార్ నుంచి వస్తూ కూరగాయల చీటీ వెనక 2⁸ వేసి చూశాను. 257. ప్రధాన సంఖ్యే, కొత్త దారి దొరికిందనుకున్నాను. ఒకటి కలిపితే 258. విడదీస్తే 2 × 3 × 43. మళ్ళీ అదే 43, దాని వెనకే 11, దాని వెనకే 3.